పిల్లాపాపలతో అడవి నడక: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి

సెలవులు రాగానే ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి అహోబిలంలో ఉగ్రస్తంభమనే నిటారు కొండశిఖరం ఎక్కించేద్దామని ఉత్సాహపడేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి అలా చేయకండి. మొదటి నడకే నరకంగా ఉంటే ఆరేళ్ల పిల్ల మళ్లీ అడవి మాటెత్తితేనే ఏడుస్తుంది, అమ్మమ్మకు మోకాళ్లు పట్టేస్తే ఆవిడ ఇంకోసారి రానే రాదు. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో చూసుకుని, ముందు వాళ్లకు సరిపోయే దారికి వెళ్లండి.

హైదరాబాద్‌లో ఉంటే కేబీఆర్ పార్కు, విశాఖలో ఉంటే కంబాలకొండ మొదటి నడకకు చాలు. ఇక్కడ పరీక్షించుకోవాల్సింది ముఖ్యంగా బూట్లను. నడక అయ్యాక పిల్లల సాక్సులు విప్పించి మడమలు, చిటికెన వేళ్ల పక్కన చూడండి. అక్కడ ఎర్రగా కందిపోయిందంటే అదే బూటుతో కొండ దారిలో నడిస్తే బొబ్బ ఖాయం. కొత్త బూట్లు కొని నేరుగా అడవికి వేసుకెళ్లడం అస్సలు వద్దు. దిగుడు మొదలయ్యే ముందు ఆగి లేసులు మళ్లీ బిగించి కట్టండి, లేకపోతే పాదం ముందుకు జారి గోళ్లు బూటుకు కొట్టుకుని నొప్పెడతాయి.

ఆ తర్వాతి మెట్టు దగ్గరే చాలామంది కిలోమీటర్లు చూసి మోసపోతారు. తిరుమలకు శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకే, కానీ 2,388 మెట్లు. అలిపిరి దారి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు, అయినా మధ్యలో చదునుగా నడిచే చోట్లుంటాయి కాబట్టి కొంతమందికి అదే సుఖంగా అనిపిస్తుంది. నల్లమలలో మల్లెల తీర్థం ఇంకో రకం. దాదాపు 350 మెట్లు దిగి జలపాతం దగ్గరికి వెళ్లాలి, పిల్లలు పరుగెత్తుకుంటూ దిగేస్తారు, ఆడీ ఆడీ అలిసిపోయాక ఆ మెట్లన్నీ ఎక్కాలి, అప్పుడు మొదలవుతుంది "ఎత్తుకో నాన్నా" అని. ఇలాంటి చోట నీళ్లలో గడిపే సమయం ముందే తగ్గించుకుని, ఎక్కే ముందు ఏదో ఒకటి తినిపించండి.

ఎంత దూరం వెళ్లాలి అనేదానికంటే ఎన్నింటికి వెనక్కి తిరగాలి అనేది ముందు తేల్చుకోండి. తెల్లారగానే బయల్దేరి, ఒంటిగంట కొడితే ఎక్కడున్నా సరే వెనక్కే అని ఇంట్లోనే అందరికీ చెప్పేయండి. లోయల్లో వెలుతురు తొందరగా తగ్గుతుంది, చీకటి పడే వేళకు చిరుతలు తిరుగుతాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది, ఆ తర్వాతే పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక ఆ దారుల్లోకి పంపకూడదని టీటీడీ నిర్ణయించింది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి. పిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్ల మధ్యలోనే నడవాలి, అందరికంటే వెనక ఒక పెద్దమనిషి ఉండి తీరాలి.

ఇవన్నీ ఇబ్బంది లేకుండా అయ్యాకే అహోబిలం. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి భవనాశిని వాగు వెంబడి రాళ్లు దాటుకుంటూ, మెట్లెక్కుతూ వెళ్లాలి. దారి చాలా అందంగా ఉంటుంది, కాస్త అలవాటున్న పిల్లలు బాగా ఆనందిస్తారు. పెద్దవాళ్లకు కష్టమైతే డోలీ మోసేవాళ్లు ఉంటారు, మొహమాటపడకుండా మాట్లాడుకోండి. ఉగ్రస్తంభం మాత్రం వేరే సంగతి. అక్కడ నిటారు రాళ్లు పట్టుకుని ఎక్కాలి, కాబట్టి చిన్నపిల్లలను తీసుకెళ్లొద్దనే నా మాట. ఒకరు పిల్లలతో కింద ఆగితే మిగతావాళ్లు దారి తెలిసిన స్థానికుణ్ణి తోడు తీసుకుని వెళ్లి రావచ్చు. వానాకాలంలో వాగు దగ్గర ఇంకా జాగ్రత్త. మన నెత్తిన చినుకు పడకపోయినా పైన కొండల్లో వాన పడి ఉండొచ్చు, తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా పిల్లలను లాక్కుని ఒడ్డెక్కేయండి, ఫొటోల కోసం ఆగొద్దు.

సంచిలో పెద్దవాళ్లకు తలా రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పల్లీ చిక్కీలు, పులిహోర ఉంటే చాలు. తిండి ప్లాస్టిక్ కవర్లలో చేత్తో పట్టుకుంటే కోతులు లాక్కుంటాయి, అన్నీ బ్యాగులోపలే పెట్టండి. కొండ అంచులకు పెద్ద తేనెపట్టులు కనిపిస్తే కింద పొగ పెట్టడం, రాళ్లు విసరడం, గట్టిగా అరవడం వద్దు. పిల్లల మెడలో ఒక్కో విజిల్ వేసి, దారి తప్పితే నడవకుండా ఒక చెట్టు దగ్గరే కూర్చుని మూడేసి సార్లు ఊదాలని ఇంటి దగ్గరే ఆటలా నేర్పండి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం లాంటివేవీ చేయొద్దు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లడమే. అడవి లోపల సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఇంటికొచ్చాక పిల్లలకు స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, చంకల్లో, నడుం దగ్గర పిడుదులేమైనా పట్టుకున్నాయేమో వెతకండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా పైకి లాగాలి, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ఆ తర్వాత మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటే అదీ చూపించండి, పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం అయితే మందు తొందరగా మొదలుపెట్టొచ్చు.