రోడ్ల కోసం వేసే పన్ను: వాదనను తూచి చూడటం ఎలా

రోడ్ల ఖర్చుకు ఇంధనంపై పన్ను పెంచాలని ఒకరు, వాహనంపైనే వేయాలని మరొకరు, తిరిగిన కిలోమీటర్లను బట్టి వసూలు చేయాలని ఇంకొకరు వాదిస్తున్నప్పుడు, రేటు సంగతి పక్కన పెట్టి, ఆ పన్ను దేనిని కొలుస్తోందో ముందుగా చూడండి. ఇంధన పన్ను కాలిన లీటర్లను కొలుస్తుంది. ఏటా కట్టే వాహన పన్నుకు బండి షెడ్డులో ఉన్నా రోజంతా తిరిగినా ఒకటే. రోడ్డును అరగదీసేవి మాత్రం ఇరుసు మీది బరువు, తిరిగిన దూరం.

కాగితం మీద చిన్న లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. లీటరుకు పన్ను 10 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 10,000 కడుతుంది; 25 ఇచ్చే హైబ్రిడ్ (పెట్రోలుతో పాటు బ్యాటరీనీ వాడుకునే కారు) 6,000 కడుతుంది; విద్యుత్ కారు ఏమీ కట్టదు. అంతే దూరం తిరిగే లారీ లీటరుకు 3 కిలోమీటర్లే ఇస్తే 50,000 కడుతుంది, అంటే మొదటి కారుకు అయిదు రెట్లు. అయితే 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగిన రోడ్డు పరీక్షల నుంచి వచ్చిన స్థూల సూత్రం ప్రకారం, ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లవుతుంది. బరువు పది రెట్లైతే నష్టం దాదాపు 10,000 రెట్లు! ఎండావానలకు పాడయ్యే భాగానికి ఏ బండినీ తప్పుపట్టలేము కనుక, కొంత పన్ను అందరి మీదా పడటంలో అన్యాయం లేదు. వాహన పన్నుకు గట్టి సమర్థన అక్కడే ఉందని నా అభిప్రాయం.

తర్వాత, పన్ను ధరలతో పాటు పెరుగుతుందో లేదో అడగండి. అమెరికాలో పెట్రోలుపై కేంద్ర పన్ను 1993 నుంచి గ్యాలనుకు 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది; పనుల ఖర్చు పెరుగుతూ పోవడంతో, 2008 నుంచి సాధారణ ఖజానా సొమ్మును ఆ పన్ను చేరే రహదారుల నిధికి మళ్లించక తప్పలేదు.

‘మేము రోడ్లకే కట్టాం’ అన్న మాటను బడ్జెట్ చూడకుండా నమ్మకండి. బ్రిటన్‌లో వాహన పన్ను సొమ్ము కోసం ప్రత్యేక రోడ్డు నిధి ఉండేది. 1920ల్లో ఆర్థిక మంత్రిగా ఉన్న చర్చిల్ అందులోంచి సాధారణ ఖర్చులకు తీసుకున్నారు, 1937లో ఆ పన్నుకూ రోడ్ల ఖర్చుకూ ఉన్న ముడిని పూర్తిగా విప్పేశారు. అయినా జనం నేటికీ దానిని ‘రోడ్డు పన్ను’ అనే పిలుస్తారు.

కిలోమీటరు పన్ను ప్రతిపాదన వచ్చినప్పుడు దానిని న్యూజిలాండ్ పద్ధతితో పోల్చండి. అక్కడ డీజిలు వాహనాలవారు చాలాకాలంగా వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందుగానే రోడ్డు వాడకానికి లైసెన్సు కొనుక్కుంటున్నారు, బరువైన బండ్లకు రేటు ఎక్కువ. 2024 ఏప్రిల్ నుంచి తేలికపాటి విద్యుత్ కార్లనూ ఇందులో చేర్చారు. తేలికపాటి బండ్లకు ఓడోమీటరు (తిరిగిన మొత్తం దూరాన్ని చూపే మీటరు) అంకె చాలు కనుక, ఎక్కడెక్కడ తిరిగారో ఎవరికీ చెప్పనవసరం లేదు. మీ ముందున్న ప్రతిపాదన జీపీఎస్ పరికరం తప్పనిసరి అంటే, ఎందుకని నిలదీయండి. వసూలు ఖర్చును కూడా అడగండి: ఇంధన పన్నును కొద్దిపాటి రిఫైనరీలు, డిపోల దగ్గరే రాబట్టవచ్చు, కిలోమీటరు పన్నుకు ప్రతి యజమానితోనూ లెక్క చూసుకోవాలి, మీటరు వెనక్కి తిప్పేవారిని పట్టుకోవాలి. ఆ ఖర్చు తీసేశాక మిగిలేదెంతో ప్రతిపాదకులు చెప్పలేకపోతే, రేటు గురించి చర్చించడం తొందరపాటే.