‘నుంచి’ కనబడగానే సిన్స్ వేసేయకండి: ఇంగ్లిష్ మెయిల్‌లో ‘ఎప్పటినుంచి’ ఎలా రాయాలి?

‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్.’ పద్దెనిమిదేళ్లుగా చుట్టాలకీ పక్కింటివాళ్లకీ ఇంగ్లిష్ మెయిళ్లు, దరఖాస్తులు దిద్దిపెడుతున్నాను. ఈ వాక్యం ఏదో ఒక రూపంలో కనబడుతూనే ఉంటుంది. చిన్న వాక్యమే, తప్పులు మాత్రం రెండు. రెండూ తెలుగు అలవాటు వల్ల వచ్చినవే. అందుకే మందు కూడా తెలుగులోనే దొరుకుతుంది.

కావలసినవి: ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో నోట్స్ అయినా చాలు. గ్రామర్ పుస్తకం అక్కర్లేదు.

ముందు మీరు చెప్పదలుచుకున్నది తెలుగులో రాసుకోండి: ‘మూడేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను.’ ఇలా రాసుకోవడం కొందరికి నామోషీ. ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలని ఎవరో చెప్పి ఉంటారు. అలా ఆలోచించగలిగినవాళ్లు నా దగ్గరికి ఎందుకొస్తారు?

తర్వాత ఆ పని ఇంకా నడుస్తోందా, ఆగిపోయిందా చూడండి. ఆగిపోయి ఉంటే ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అని రాసి వదిలేయొచ్చు. నడుస్తుంటే మాత్రం ఆ వాక్యం కొంప ముంచుతుంది. మావాడొకడు ఉద్యోగంలో ఉండగానే ‘ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ ఫోర్ ఇయర్స్’ అని రాసి పంపాడు. మానేసి ఎన్నాళ్లయిందని ఇంటర్వ్యూలో అడిగారట.

ఇప్పుడు అసలు చిక్కు: ఫర్ వాడాలా, సిన్స్ వాడాలా? మనకు రెండింటికీ ఒకటే ‘నుంచి’. సోమవారం నుంచి, మూడేళ్ల నుంచి, పొద్దున్నుంచి, గంట నుంచి. దాంతో అన్నిచోట్లా సిన్స్ పడిపోతుంది.

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో ‘పాయింట్ ఆఫ్ టైమ్‌కి సిన్స్, పీరియడ్ ఆఫ్ టైమ్‌కి ఫర్’ అని బట్టీ పట్టిస్తారు. పరీక్షకి పనికొస్తుంది, మెయిల్ దగ్గర చేతులెత్తేస్తుంది. ‘పోయిన నెల నుంచి’ ఏమిటో చెప్పండి? నెలంటే ముప్పై రోజులు కదా, పీరియడే అనుకుని ఫర్ వేస్తారు. తప్పు. అక్కడ సిన్స్ రావాలి.

నా పద్ధతి ఇది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి పైకి చదవండి. మూడేళ్లుగా. అతికింది కదా? అయితే ఫర్. సోమవారంగా, 2019గా, నిన్నగా, పోయిన నెలగా. చెవికే ఎబ్బెట్టుగా ఉంది. అయితే సిన్స్. పుట్టినప్పటినుంచీ తెలుగు విన్న చెవి ఇక్కడ పొరపడదు. వారం, నెల దగ్గర మాత్రం ‘రోజులు’ కలిపి చూడండి: ‘వారం రోజులుగా’ అతుకుతుంది, అంటే ఫర్ ఎ వీక్. ‘చేరినప్పటి నుంచి’కి గా అతకదు కాబట్టి సిన్స్ ఐ జాయిన్డ్.

మెల్లగా చదవాల్సిన చోటు ఒకటుంది. ‘మూడు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను’ అంటే మధ్యాహ్నం మూడు నుంచా, మూడు గంటలసేపటి నుంచా? తెలుగులోనే రెండర్థాలు. మీ మనసులో ఉన్నది ‘మూడు గంటలుగా’ అయితే ఫర్ త్రీ అవర్స్, ‘మూడింటి నుంచి’ అయితే సిన్స్ త్రీ ఓక్లాక్. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

ఇంకోటి, ‘గత’ అనే మాట. ‘గత రెండు రోజులుగా’ అన్నప్పుడు గా ఉంది కాబట్టి ఫర్ ద లాస్ట్ టూ డేస్. దాన్ని ‘సిన్స్ లాస్ట్ టూ డేస్’ అని రాసినవాళ్లని లెక్కపెట్టడం నేనెప్పుడో మానేశాను.

‘రేపటి నుంచి’కి ఇవేవీ వర్తించవు. ఇంకా మొదలవని పనికి సిన్స్ రాదు, ఫ్రమ్ టుమారో అనాలి. ‘సోమవారం నుంచి శుక్రవారం వరకు’ అన్నా అంతే, ఫ్రమ్.

ఇక క్రియ. తెలుగులో ‘పనిచేస్తున్నాను’ అన్నాం కదా అని ఐ యామ్ వర్కింగ్ అంటే కుదరదు. ఎప్పటినుంచో చెప్పారంటే యామ్ పోయి హ్యావ్ బీన్ రావాలి: ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్.’ తెలుగులో ‘-తున్నాను’ లేకుండా ‘తెలుసు, ఉంది, లేదు’ లాంటివి ఉంటే సాధారణంగా ఇంగ్ కూడా వద్దు. పదేళ్లుగా ఆయన తెలుసు: ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్. నిన్నటి నుంచి కరెంటు లేదు: దేర్ హాజ్ బీన్ నో పవర్ సిన్స్ యెస్టర్‌డే. మూడు రోజులుగా నీళ్లు రావట్లేదంటే ‘వాటర్ ఈజ్ నాట్ కమింగ్’ అని రాయకండి, ‘వి హ్యావ్ హ్యాడ్ నో వాటర్ ఫర్ త్రీ డేస్’ అనండి.

చివరగా సెలవు చీటీ. బడిలో మనందరం రాసిన ‘ఆస్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’లో వ్యాకరణం తప్పేమీ లేదు, ఎందుకంటే అందులో ఎన్నాళ్ల నుంచో చెప్పలేదు. పెద్దయ్యాక దానికే ‘సిన్స్ టూ డేస్’ తగిలించి పాడుచేస్తున్నాం. ఆఫీసు మెయిల్‌లో మామూలు జ్వరానికి సఫరింగ్ వాడనే వాడకూడదు, అది నా నియమం. ఇలా రాయండి: ‘ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ మండే. ఐ నీడ్ టూ డేస్ లీవ్ ఫ్రమ్ టుమారో.’ డేస్ చివర అపాస్ట్రఫీ, అంటే పైన పెట్టే కామా లాంటి గుర్తు, మరిచిపోకండి. దాని సంగతి ఎత్తితే ఇంకో వ్యాసమవుతుంది.