ఆమ్‌స్టర్‌డామ్ కాఫీషాపుల్లో సందర్శకులు పాటించవలసిన నియమాలు

నెదర్లాండ్స్‌లో గంజాయి నేటికీ చట్టరీత్యా నిషిద్ధమే. అయితే 1976 నాటి చట్ట సవరణ తరువాత స్థిరపడిన విధానం ప్రకారం, నిర్ణీత షరతులకు లోబడి అమ్మే దుకాణాలపై అక్కడి ప్రభుత్వం చర్య తీసుకోదు. వాటినే కాఫీషాపులంటారు. కేవలం కాఫీ తాగదలచినవారు కెఫే బోర్డు చూసుకుని వెళ్లడం మేలు.

లోనికి వెళ్లడానికి 18 ఏళ్లు నిండి ఉండాలి. వయసు రుజువు అడుగుతారు గనుక పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి. ఒక వ్యక్తికి రోజుకు 5 గ్రాములకు మించి అమ్మరు. మద్యం దొరకదు. ప్రకటనలపై నిషేధం ఉన్నందున సరుకు వివరాలు కౌంటరు వద్దనే అడిగి తెలుసుకోవాలి. విచిత్రమేమిటంటే, 2008 నుంచి అమలులో ఉన్న పొగాకు నిషేధం వల్ల, పొగాకు కలిపిన చుట్టను లోపల కాల్చకూడదు. ఏమీ కొనకుండా కూర్చోవడం, అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు తీయడం మర్యాద కాదు.

వీధిలో అమ్మజూపేవారి వద్ద కొనవద్దు. రెడ్‌లైట్ ప్రాంతపు వీధుల్లో గంజాయి కాల్చడాన్ని 2023 మే నుంచి నిషేధించారు. మాస్ట్రిక్ట్ వంటి సరిహద్దు నగరంలోనైతే విదేశీ పర్యాటకులకు కాఫీషాపుల్లోకి ప్రవేశమే లేదు.

మిగిలినదాన్ని సంచిలో వేసుకుని విమానమెక్కితే, హైదరాబాద్‌లో దిగగానే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వర్తిస్తుంది.