మరమ్మతుకు ముందు మెషిన్‌కు లాకౌట్ ఎలా చేయాలి?

లాకౌట్ అంటే పని జరుగుతున్నంతసేపూ మెషిన్‌ను ఎవరూ నడపలేకుండా దాని కరెంటు, గాలి లాంటివి ఆపి తాళం వేసి ఉంచడం. బెల్టు మార్చాలి, లేదా ఇరుక్కున్న ముక్క లాగాలి. రెండు నిమిషాల పనే కదా అని స్టాప్ బటన్ నొక్కి లోపల చెయ్యి పెట్టేస్తారు. స్టాప్ బటన్ మోటారును ఆపుతుందే గానీ కరెంటును ఆపదు. మెయిన్ లైన్ కరెంటు కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే, తెంచే స్విచ్) దాకా వచ్చి అక్కడే కాచుకుని ఉంటుంది. ఎమర్జెన్సీ స్టాప్‌దీ అదే కథ. అవతలి వైపు ఎవరైనా స్టార్ట్ నొక్కితే, లోపల చెయ్యి ఉందో లేదో మెషిన్‌కు తెలియదు.

కావలసినవి: మనిషికొక ఎర్ర తాళం, దానికి ఒకే చెవి, ఆరు చిల్లుల హాస్ప్ (ఒకే చోట చాలా తాళాలు వేసుకునే కొక్కెం), ట్యాగ్, మల్టీమీటర్ లేదా రెండు ప్రోబుల వోల్టేజ్ టెస్టర్. నంబర్ తాళాలు వాడకూడదు. నంబరు ఒకరికి తెలిస్తే షిఫ్టంతటికీ తెలిసినట్టే. చెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి, టేబుల్ సొరుగులో కాదు.

ముందు ఆపరేటర్‌కు చెప్పండి. మెషిన్‌ను మామూలుగా ఆపి, ఆ తర్వాతే ఐసొలేటర్ (మెషిన్‌కు వచ్చే కరెంటును పూర్తిగా తెంచే మెయిన్ స్విచ్) దించండి. మెషిన్ నడుస్తుండగా దించితే లోపల ఆర్క్ (పెద్ద నిప్పు మెరుపు) వస్తుంది. హ్యాండిల్‌కు తాళం వేసి, పేరు, తేదీ, సమయం, పని రాసిన ట్యాగ్ కట్టండి. నలుగురు పనిచేస్తుంటే హాస్ప్‌కు నాలుగు తాళాలు ఉండాలి. అందరి తరఫునా సూపర్‌వైజర్ ఒక్క తాళం వేయడం చాలాచోట్ల అలవాటు. అది తప్పు. ముగ్గురు బయటికి రాగానే పనైపోయిందనుకుని ఆయన తాళం తీస్తాడు, నాలుగోవాడు లోపలే ఉంటాడు.

కరెంటు ఒక్కటే చాలదు. గాలి లైన్ వాల్వ్ మూసి తాళం వేసి, లోపలి గాలి వదిలేయండి. గేజ్ సున్నాకు వచ్చాక కూడా బ్లీడ్ వాల్వ్ (మిగిలిన గాలిని బయటికి వదిలే వాల్వ్) తెరిచే ఉంచండి. పైకి లేచి ఉన్న ప్రెస్ ర్యామ్‌ను (కిందికి దిగి నొక్కే బరువైన భాగాన్ని) హైడ్రాలిక్ ప్రెషర్‌కు వదిలేయకుండా, బరువుకు తగిన దిమ్మె పెట్టి ఆపాలి. వేరియబుల్ స్పీడ్ డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉంటే, 415 వోల్టుల లైన్ మీద దాని కెపాసిటర్లలో 550 వోల్టులకు పైగా డీసీ నిలిచి ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది. డిస్‌ప్లే ఆరిపోయిందంటే ఖాళీ అయినట్టు కాదు.

ఇక అసలు పని: కరెంటు లేదని నిరూపించుకోవడం. తాళం వేయగానే పనైపోయిందని చాలామంది ఆగిపోయేది ఇక్కడే. తాళం హ్యాండిల్‌ను పట్టి ఉంచుతుంది, అంతే. హ్యాండిల్ దిగినా లోపల ఒక బ్లేడు అతుక్కుపోయి ఒక ఫేజ్ అలాగే ఉండిపోవచ్చు. మీరు దించింది పక్క మెషిన్ ఐసొలేటరే కావచ్చు. కంట్రోల్ సప్లై (బటన్లు, స్విచ్‌లు పనిచేసే కరెంటు) వేరే ప్యానెల్ నుంచి వస్తూ ఉండవచ్చు.

మనుషులందరినీ దూరంగా పంపి స్టార్ట్ నొక్కి చూడండి. కదలకపోతే సెలెక్టర్‌ను (ఆన్-ఆఫ్ తిప్పుడు స్విచ్‌ను) మళ్ళీ ఆఫ్‌లో పెట్టండి. మరిచిపోతే తాళం తీసి సప్లై ఇచ్చిన క్షణమే మెషిన్ లేస్తుంది. ఈ ఒక్క పరీక్షను నమ్మకండి. గార్డ్ స్విచ్ (రక్షణ తలుపు తెరిస్తే మెషిన్‌ను ఆపే స్విచ్) తెరిచి ఉన్నా, కంట్రోల్ ఫ్యూజ్ పోయినా మెషిన్ కదలదు, కరెంటు మాత్రం ఉంటుంది.

అందుకే మీటర్. ఈ కొలత ఎలక్ట్రీషియన్ చేయాల్సిందే. కరెంటు ఉందని తెలిసిన చోట ముందు మీటర్‌ను సరిచూసుకోవాలి. తర్వాత మెషిన్ దగ్గర కొలవాలి. మళ్ళీ ఆ తెలిసిన చోటికే వెళ్ళి మీటర్ ఇంకా పనిచేస్తోందని చూడాలి. మధ్యలో ప్రోబ్ తీగ తెగితే మీటర్ సున్నాయే చూపిస్తుంది, నిజంగా కరెంటు లేకపోయినా సున్నాయే చూపిస్తుంది. మూడో అడుగు వేయకపోతే ఈ రెండింటికీ తేడా తెలియదు.

ఎక్కడ కొలుస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. మోటారు టెర్మినల్స్ దగ్గర మాత్రమే కొలిచి సంతోషపడకండి. కాంటాక్టర్ తెరిచి ఉంది కాబట్టి, ఐసొలేటర్ దించకపోయినా అక్కడ సున్నాయే వస్తుంది. కాంటాక్టర్‌కు సప్లై వచ్చే వైపు కొలవండి: మూడు ఫేజ్‌ల మధ్య, ఒక్కో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ, ఒక్కో ఫేజ్‌కూ ఎర్త్‌కూ, చివరగా న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ. న్యూట్రల్ ఉన్న ప్యానెల్‌లో మొత్తం పది కొలతలు. చెయ్యి పెట్టబోయే ప్రతి టెర్మినల్ దగ్గరా మళ్ళీ చూడాలి. డ్రైవ్ కెపాసిటర్లను డీసీ రేంజ్‌లోనే కొలవాలి, ఏసీలో పెడితే ఆ 550 వోల్టులు కనిపించకపోవచ్చు. వెలిగే స్క్రూడ్రైవర్ టెస్టర్ ఈ పనికి పనికిరాదు. రబ్బరు మ్యాట్ మీద నిలబడితే కరెంటు ఉన్నా వెలగకపోవచ్చు.

పని ముగిశాక పనిముట్లు లెక్కపెట్టుకుని, గార్డులు బిగించి, మనుషులను బయటికి పంపి, ఎవరి తాళం వాళ్ళే తీయాలి. ఒకరు తాళం వదిలేసి ఇంటికి వెళ్ళిపోతే వెంటనే కోసేయకండి. ఆయన ఆవరణలో లేడని వెతికి ఖాయం చేసుకోండి, ఫోన్ చేయండి, మెషిన్ చుట్టూ చూడండి. ఆ తర్వాత బాధ్యత గల అధికారి ఒక్కరే తాళం తీయించాలి. మర్నాడు ఆయన పనిలో చెయ్యి పెట్టకముందే ఆ సంగతి చెప్పాలి. ఆయన మనసులో మెషిన్‌కు తన తాళం ఇంకా వేసే ఉంటుంది.