ముళ్లున్న వాక్యాన్ని కూటంలో ఎట్ల చదవాలి

కాజీపేటలో మా గురువారం బైబిల్ కూటం వంతులవారీగా ఒక్కో ఇంట్లో జరుగుతుంది. ఆ వారం వంతు మాది, అధ్యాయం కీర్తనలు 137. తొమ్మిది వచనాలు, పది మందిమి. అలవాటు ప్రకారం తలా ఒక వచనం చదువుకుంటూ పోయాం. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చారు, నిరవంజి చెట్లకు సితారాలు తగిలించారు. అంతా బాగానే నడిచింది. తొమ్మిదో వచనం ఫ్రిజ్ పక్కన కూర్చున్న అమ్మాయికి వచ్చింది. అంతకుముందు వానకాలంలోనే ఆమె రెండేండ్ల కొడుకు జ్వరంతో పోయాడు. ఈ సంగతి నాకు తెలుసు. ఏ వచనం ఎవరికి వస్తుందో లెక్క మాత్రం చూసుకోలేదు.

"నీ పసిపిల్లలను పట్టుకొని..." దాకా చదివి ఆగిపోయింది. మిగతాది అందరి ముందూ తెరిచే ఉంది. బండకు వేసి కొట్టువాడు ధన్యుడు.

ఎవరూ మాట్లాడలేదు. పట్టాల మీద గూడ్సు బండి పోతుంటే కిటికీ అద్దాలు గిలగిలలాడాయి. నేను ఆగలేకపోయాను. "ఇక్కడ పసిపిల్లలంటే మనలో అప్పుడే పుట్టిన చెడ్డ కోరికలు, బండ అంటే క్రీస్తు, చిన్నగా ఉన్నప్పుడే వాటిని చంపుకోవాలని అర్థం" అని గబగబా అప్పజెప్పాను. నేను కల్పించిన మాట కాదది. 1600 ఏండ్ల కింద బిషప్పు అగస్టీను ఈ వచనానికి చెప్పిన అర్థమే. ఆమె తల ఎత్తలేదు. బైబిల్ కవర్ జిప్ ఒక మూల నుంచి ఇంకో మూల దాకా మెల్లగా లాగింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ తర్వాత రెండు నెలలకు పైగా కూటానికి రాలేదు.

కూటం నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను సెమినరీ చదవలేదు, లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. ఇందులో నేను చెడగొట్టి నేర్చుకున్నదే ఎక్కువ.

మొదటిది చిన్న పని. అధ్యాయాన్ని ముందు రోజు రాత్రే చివరి దాకా చదవండి. అందులో పిల్లలు చచ్చిపోవడం, ఆడమనిషిని చెరచడం, ఊళ్లకు ఊళ్లు నరకడం ఉంటే వంతులు పెట్టకండి, నడిపేవాళ్లే చదవండి. ఆ రోజు ఎవరెవరు వస్తారో ఒకసారి మనసులో తిప్పుకోండి. గర్భం పోయినావిడ ఉందా, మొగుడి చేత దెబ్బలు తినే ఆమె ఉందా? ఇంతా చేసి ఆ వచనాన్ని మాత్రం దాటేయకండి. మా పక్కింటాయన కాథలిక్కు, ఫాతిమా కెథడ్రల్‌కు పోతాడు. వాళ్ల ప్రార్థన పుస్తకాన్ని 1971లో సవరించినప్పుడు ఈ కీర్తన చివరి మూడు వచనాలను, 58, 83, 109 కీర్తనలను పూర్తిగానూ నిత్య ప్రార్థనల్లోంచి తీసేశారు. జనం నోటితో పాడించే చోట అది అర్థం చేసుకోదగిన పనే. బైబిల్లో మాత్రం అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. మనం దాటేస్తే పిల్లలు ఫోన్లో చూస్తారు. అక్కడ చెప్పేవాడు మనకంటే నిమ్మళంగా చెప్తాడని నమ్మకం లేదు.

తర్వాత చూడాల్సింది, ఆ మాట ఎవరి నోట్లోంచి వస్తున్నదని. సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది.

షెడ్‌లో ప్రతి ఇంజనుకు ఒక లాగ్ బుక్ ఉంటుంది. బండి దిగిన డ్రైవరు అందులో రాస్తాడు: ఫలానా చోట చప్పుడు వస్తున్నది, బ్రేకు సరిగా పట్టడం లేదు అని. కోపంలో ఉంటే గట్టిగానే రాస్తాడు. అదే ఆఫీసులో మాన్యువల్ కూడా ఉంటుంది, బోల్టు ఎంత బిగించాలో అది చెప్తుంది. రెండూ రైల్వేవే. రెండింటి మాటా నిజమే. అంతమాత్రాన డ్రైవరు రాసిన కంప్లెయింటును మాన్యువల్ అనుకుని బోల్టులు బిగించే ఫిట్టరు ఉండడు. 137వ కీర్తన లాగ్ బుక్‌లోని పేజీ. ఆ తొమ్మిది వచనాల్లో "యెహోవా సెలవిచ్చెను" అన్న మాట ఒక్కచోట కూడా లేదు. మాట్లాడేది బబులోను చెరలో ఉన్న యూదులు.

వాళ్లు ఏం చూసి వచ్చారో తెలియాలంటే రాజుల రెండో గ్రంథం 25వ అధ్యాయం తీయండి. యెరూషలేమును బబులోను సైన్యం ఏడాదిన్నర చుట్టుముట్టింది, లోపల తిండి అయిపోయింది. క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో పట్టణం పడింది. సిద్కియా రాజు కండ్ల ముందే అతని కొడుకులను చంపి, ఆ తర్వాత అతని కండ్లు ఊడబెరికారు. అతను చివరిగా చూసింది అదే. అట్లాంటి చోటు నుంచి ఈడ్చుకొచ్చిన మనుషులను పట్టుకుని, మీ గుడి పాట ఒకటి పాడండి, వింటాం అన్నారు పట్టుకొచ్చినోళ్లు. అప్పుడు బబులోను మీద నోట్లోంచి వచ్చిన మాట ఆ తొమ్మిదో వచనం. బండకు కొట్టడం ఎట్లుంటుందో వాళ్లు ఎవరి పిల్లల దగ్గర చూశారో ఊహించుకోవచ్చు.

నాకిది పుస్తకాల కంటే ముందు మా నాయనమ్మ దగ్గర అర్థమైంది. మాది జనగామ దిక్కు. ఆమె చిన్నతనమంతా దొర గడీలో వెట్టి. పచ్చి బాలింతగా ఉన్నప్పుడు కూడా పొలానికి పిలిచారని, గట్టు మీద పండబెట్టిన బిడ్డ దక్కలేదని మా బాపు చెప్పేవాడు. తర్వాత ఎన్నో ఏండ్లకు బాప్తిస్మం తీసుకుంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని గుడికి పోయేది. అయినా పొద్దుగూకి వాకిట్లో కూర్చున్నప్పుడు ఒక్కోసారి గడీ ఉన్న దిక్కు తిరిగి, "నీ ఇంట్ల దీపం ఆరిపోను, నీ కడుపు మాడిపోను, నీ పిల్లలు నా బిడ్డ లెక్కనే పోను" అని దుమ్మెత్తి పోసేది. ఆ వెంటనే, అదే గొంతుతో, "ప్రభువా, నువ్వే చూసుకో" అనేది. చిన్నప్పుడు నాకు ఆ రెండు మాటలూ ఒక నోట్లో ఎట్ల పడతాయో తెలిసేది కాదు. ఆమె ఏనాడూ గొడ్డలి పట్టుకుని గడీకి పోలేదు. తిట్టంతా తెచ్చి దేవుడి ముందర కుప్ప పోసింది.

అందుకే ఎవరైనా "ఈ వచనం బైబిల్లో ఎందుకుంది?" అంటే, మా నాయనమ్మ బైబిల్లో ఎందుకుందని అడిగినట్టు వినిపిస్తుంది నాకు.

కథల దగ్గర ఇంకో పద్ధతి పనికొస్తుంది, దానికి రంగు పెన్సిల్ కావాలి. దేవుడు మాట్లాడిన చోటల్లా, ఆయన చేశాడని చెప్పిన చోటల్లా గీత కొట్టండి. న్యాయాధిపతులు 11లో యెఫ్తా కథ తీయండి. యుద్ధానికి పోతూ అతను మొక్కుకున్నాడు: గెలిచి ఇంటికి వస్తే తలుపులోంచి నాకు ఎదురుగా వచ్చేదాన్ని దహనబలి ఇస్తానని. వచ్చింది ఒక్కగానొక్క బిడ్డ, తంబురలు వాయిస్తూ నాట్యం చేస్తూ. మొక్కుకు ముందు దేవుని ఆత్మ అతని మీదికి వచ్చిందని ఉంది, గెలుపు ఇచ్చాడనీ ఉంది, అక్కడ గీతలు పడతాయి. కూతురు గడప దాటి బయటికి వచ్చిన వచనం నుంచి అధ్యాయం చివరిదాకా, యెహోవా నీ శత్రువుల మీద పగ తీర్చాడని ఆ బిడ్డ అన్న ఒక్క మాట తప్ప, మీ పెన్సిల్‌కు పని ఉండదు. దేవుడు ఆ మొక్కు అడగలేదు, ఒప్పుకోలేదు, తీర్చమని చెప్పలేదు. ద్వితీయోపదేశకాండము 12లో కొడుకులనూ కూతుళ్లనూ అగ్నిలో కాల్చడం దేవునికి అసహ్యమని ముందే రాసి ఉంది. లేవీయకాండము 27లో మొక్కుకున్న మనిషికి వెల కట్టి విడిపించే ఏర్పాటు కూడా ఉంది. ఐదేండ్ల నుంచి ఇరవై ఏండ్ల లోపు ఆడపిల్లకు పది తులాల వెండి. యెఫ్తాకు ఆ సంగతి చెప్పే మనిషి ఆ కథలో ఒక్కడూ లేడు.

మొక్కు అంటే మనవైపు విడమరచి చెప్పే పని లేదు. రెండేండ్లకోసారి మేడారం జాతరకు పోయే జనాన్ని, నిలువెత్తు బంగారమని తూకం వేసి ఇచ్చే బెల్లాన్ని చూస్తూ పెరిగిన వాళ్లమే. మొక్కు తీర్చకపోతే ఏమైతదో అన్న భయం గుడి మారినంత మాత్రాన పోదు. మా కూటంలో ఒకావిడ బిడ్డకు నయమైతే ఉన్న ఒక్క గొలుసూ కానుక పెట్టెలో వేస్తానని అనుకుని, నయమయ్యాక ఇవ్వలేక నిద్రపోలేకపోయింది. యెఫ్తా కథ ఆమెకు చదివి వినిపించింది అందుకే, పిల్లను చంపినవాడి గొప్ప చెప్పడానికి కాదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 11లో విశ్వాసుల వరసలో యెఫ్తా పేరుందే అని ఎవరైనా అడుగుతారు. ఉంది. నాకది ఇంకా ముల్లే.

ఇక అసలు బండరాయి సమూయేలు మొదటి గ్రంథం 15. ఇక్కడ పెన్సిల్ మనకు సాయం రాదు. ఇశ్రాయేలుకు పగవాళ్లైన అమాలేకీయులను పురుషులనేమి, స్త్రీలనేమి, పసిపిల్లలనేమి అందరినీ చంపమని ప్రవక్త సమూయేలు సౌలు రాజుకు దేవుని పేరుతోనే చెప్తాడు. ఈ చోట తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ కాలపు రాజులు యుద్ధం గురించి చెప్పేటప్పుడు వాడే భాషే అట్లుంటుంది. ఐగుప్తు రాజు మెర్నెప్తా క్రీస్తుపూర్వం 1208 ప్రాంతంలో రాతి మీద చెక్కించాడు, ఇశ్రాయేలు పాడైపోయింది, దాని విత్తనం కూడా మిగల్లేదని. విత్తనం మిగల్లేదన్న ఆ జనం తర్వాత వందల ఏండ్లు రాజ్యాలు ఏలారు. రాజుల రెండో గ్రంథం 3లో వచ్చే మోయాబు రాజు మేషా శిలాశాసనం 1868లో దొరికింది. నెబో ఊరిలో ఏడు వేల మందిని చంపి తన దేవత పేర శపితం చేశానని, అంటే దేవతకు అప్పగించి పూర్తిగా నాశనం చేశానని అందులో చెప్పుకున్నాడు. శపితం చేయడం అన్నదానికి ఇశ్రాయేలువాళ్లు వాడిన మాటా అదే. బైబిల్లోనే చూడండి, 15లో నిర్మూలమైన అమాలేకీయులు అదే గ్రంథం 30వ అధ్యాయంలో వచ్చి సిక్లగు ఊరిని కాలుస్తారు, దావీదు తరిమితే నాలుగు వందల మంది ఒంటెలెక్కి తప్పించుకుంటారు. మనం "మ్యాచ్‌లో ఊడ్చి పారేసినం" అన్నప్పుడు మైదానంలో చీపురు వెతకం కదా.

ఇవన్నీ చెప్పండి. చెప్పాక అక్కడితో లెక్క తేలిపోయిందని మాత్రం చేతులు దులుపుకోకండి. పది మంది చచ్చినా వెయ్యి మంది చచ్చినా, చంపమన్న మాట దేవుని పేరుతోనే ఉంది. మా కూటంలో ఒక్క జవాబును మాత్రం నేను నడవనివ్వను: ఆ పిల్లలు పెరిగితే దుర్మార్గులవుతారని దేవునికి ముందే తెలుసు అనేది. ఆ మాట అన్నవాడు గోడకవతల ఏ పిల్లల గురించైనా రేపు అదే అంటాడు.

నేను చేసేదల్లా, ఆ అధ్యాయం మూయకుండానే పక్కన లూకా 4 తెరవడం. నజరేతు సమాజమందిరంలో యేసు చేతికి యెషయా గ్రంథం ఇచ్చారు. ఇప్పుడు మనం 61వ అధ్యాయం అంటున్న చోటు తీసి, "ప్రభువు హితవత్సరము" దాకా చదివి, గ్రంథం చుట్టి ఇచ్చేసి కూర్చున్నాడు. యెషయాలో ఆ వాక్యం అక్కడ అయిపోదు. వెంటనే "మన దేవుని ప్రతిదండన దినమును" అని ఉంటుంది. రెండు చోట్లా వేళ్లు పెట్టించి చూపించండి, చిన్నపిల్లలు కూడా పట్టుకుంటారు. లూకా తొమ్మిదో అధ్యాయంలో, తమను చేర్చుకోని ఊరి మీద అగ్ని కురిపిద్దామా అని యాకోబు, యోహాను అడిగితే వాళ్లనే గద్దించాడు. మత్తయి 19లో విడాకుల సంగతి వచ్చినప్పుడు, మీ హృదయ కాఠిన్యాన్ని బట్టి మోషే ఒప్పుకున్నాడు, మొదటి నుంచి అట్లా లేదన్నాడు. రాసి ఉన్నదంతా ఒకే ఎత్తు కాదని చెప్పడం మనం మొదలుపెట్టింది కాదు.

దాసుల వచనాలకు ఎక్కువ సమయం పట్టదు. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీ 6 చదివితే ద్వితీయోపదేశకాండము 23 కూడా చదవండి: తప్పించుకుని వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించకూడదు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని ఒక కత్తిరించిన బైబిల్ అచ్చేశారు. లోబడమన్న వచనాలు ఉంచారు, ఐగుప్తు నుంచి విడిపించిన కథ తీసేశారు. యజమాని ఏ పేజీలకు భయపడతాడో దాన్ని చూస్తే తెలుస్తుంది. మా నాయనమ్మకు చదువు రాకపోయినా నిర్గమకాండము కథ వరస తప్పకుండా చెప్పేది.

కుర్రవాళ్లు అడిగినప్పుడు "సందేహం పాపం" అనకండి. హన్మకొండలో డిగ్రీ చదివే పిల్లవాడు ఒకడు నన్ను గేటు దగ్గర ఆపి, "అంకుల్, దేవుడు గట్లెట్ల చెప్తడు?" అన్నాడు. ముందు వాడితో టీ తాగాను. పాఠం తర్వాతి వారం.

ఆ అమ్మాయి ఇంటికి రెండు నెలలకు పోయాను, మా ఆవిడను తీసుకుని. బైబిల్ తీసుకుపోలేదు. నా మాట తప్పని ఒప్పుకున్నాను. ఆమె చాయ్ పోసి గ్లాసు నా చేతికిస్తూ అడిగింది: "అంకుల్, గది రాసినోళ్లకు పిల్లలు పోయిండ్రా?"

"పోయిండ్రు బిడ్డా."

"మరి గా దినం గదే చెప్తే అయిపోవు గద."

ఇంకేం అనలేదు. మూడో వారం కూటానికి వచ్చింది, అదే ఫ్రిజ్ పక్కన కూర్చుంది.

వచ్చే గురువారం న్యాయాధిపతులు 19. లేవీయుడి ఉపపత్నిని రాత్రంతా చెరిచి చంపిన అధ్యాయం. నేనే చదువుతాను. పిల్లలను పైన డాబా మీద పాటలకు పంపమని ఇంటివాళ్లకు చెప్పాను. ఆ అధ్యాయం చివరి వచనంలో ఆ ఘోరం చూసినవాళ్లందరూ ఒకరితో ఒకరు అనుకున్నారు, దీన్ని మనసులో పెట్టుకుని ఆలోచించి మాట్లాడండి అని. కాబట్టి పాట తగ్గించి మాటకు సమయం ఎక్కువ పెట్టాను. చాయ్ మధ్యలోనే ఇవ్వమన్నాను, చివర్లో ఇస్తే ఎవరూ తాగరు.