రాయలు కొండవీడు మీదికి ఎందుకొచ్చాడు? కారణాలు తేల్చే పద్ధతి

విజయనగరానికీ ఒడిశా గజపతుల రాజ్యానికీ జరిగిన యుద్ధం గురించి ప్రాజెక్టు రాసినా, పోటీ పరీక్షలో జవాబు రాసినా మొదటి వాక్యం దాదాపు ఒకటే: "కృష్ణదేవరాయలు తన రాజ్యాన్ని విస్తరింపజేయదలచి..." అది కారణం కాదు, ఏ రాజు పేరు పెట్టినా అతుకుతుంది. 1513లోనే ఎందుకు, తూర్పుకే ఎందుకు, ముందు ఉదయగిరే ఎందుకు? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితేనే కారణం దొరికినట్టు. గుంటూరు, విజయవాడ వాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. సాక్ష్యం సగం చుట్టుపక్కల రాళ్ల మీదే ఉంది.

పని చివర్నుంచి మొదలుపెట్టండి. గెలిచినవాడు ఆఖరికి ఏం ఉంచుకున్నాడో ముందు రాసుకోండి. రాయలు 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు, ఆ తర్వాత కొండపల్లి పట్టుకున్నాడు. గోదావరి దాటి సింహాచలం దాకా వెళ్లాడు, అక్కడి గుడిలో 1516 నాటి శాసనం ఉంది. అంత దూరం పోయినవాడు సంధి దగ్గరికొచ్చేసరికి కృష్ణకు ఉత్తరాన గెలిచినదంతా ప్రతాపరుద్ర గజపతికి తిరిగి ఇచ్చేశాడు, ఆయన కూతుర్ని పెళ్లాడాడు. బెజవాడ బ్యారేజీ మీద నిలబడి చూస్తే లెక్క తేలిపోతుంది. నదికి ఉత్తరాన కొండపల్లి, వదులుకున్న కోట. దక్షిణాన కొండవీడు, వదలని కోట. గజపతుల రాజధాని కటకం ఆయనకు అక్కర్లేదు. కావలసింది కృష్ణ హద్దు. మీరు రాయబోయే ప్రతి కారణాన్నీ దీనితో సరిచూడండి. కృష్ణ దగ్గర ఎందుకు ఆగాడో చెప్పలేని కారణం బలహీనమైనదే.

తర్వాత పటం. ఎ4 కాగితం మీద కృష్ణ, పెన్న గీయండి, పడమర నల్లమల, వెలికొండలు వేయండి. హంపి, ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి, రాజమహేంద్రవరం, కటకం గుర్తుపెట్టండి. ఫోన్లో చూపించే రోడ్డు దూరాలు వేయకండి. అవి ఇప్పటి హైవేల దూరాలు, కొండ అడ్డమెక్కడో వాటిలో కనపడదు. పటం పూర్తయితే ఉదయగిరి సంగతి అర్థమవుతుంది. నెల్లూరు వైపు మైదానం నుంచి వెలికొండలు దాటి సీమలోకి పోయే దారిని ఆ కోట కాపలా కాస్తుంది. అది గజపతి చేతిలో ఉన్నన్నాళ్లూ విజయనగరం తూర్పు తలుపు గడియ అవతలివాడి చేతిలో ఉన్నట్టే. సుమారు ఏడాదిన్నర ముట్టడించి మరీ దాన్ని ముందు తీసుకోవడానికి కారణం ఇదే. ఆ తర్వాతే అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, వాటి వెనక కొండవీడు.

పగ ఎప్పటిదో చూపించకపోతే జవాబు పలచబడిపోతుంది. కపిలేంద్ర గజపతి 1454లో కొండవీడు తీసుకున్నాడు, 1460లలో ఆయన సేనలు తమిళదేశం దాకా దిగాయి. 1470లలో విజయనగర సేనాని, తర్వాత రాజైన సాళువ నరసింహుడు దక్షిణాన కొంత తిరిగి రాబట్టుకున్నాడు. మధ్యలో బహమనీలు కొండవీడు, కొండపల్లి కొన్నాళ్లు ఏలారు. ఆ తర్వాత పురుషోత్తమ గజపతి సాళువ నరసింహుణ్ణి బందీ చేస్తే, ఉదయగిరి ఇచ్చుకుని ఆయన బయటపడ్డాడు. విజయనగరం పగ తీర్చుకోవలసింది ఇక్కడే. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ 1530లలో రాసిన వృత్తాంతంలో, చనిపోతూ సాళువ నరసింహుడు ఇంకా గెలవవలసినవని చెప్పిన కోటల్లో రాయచూరుతో పాటు ఉదయగిరి కూడా ఉంది. న్యూనిజ్ విన్న కథలన్నీ నమ్మనక్కర్లేదు గానీ, ఆ కోట విజయనగరం జనం నోళ్లలో అన్నాళ్లు నానిందన్నది గట్టి సాక్ష్యమే.

తేదీల్లోనే చాలామంది జారతారు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. మాసం పుష్యం మధ్య నుంచి ఫాల్గుణం దాకా అయితే జనవరి వచ్చేసి ఉంటుంది, కాబట్టి 79 కలపాలి. కొండవీడు పడింది శక 1437 యువ, ఆషాఢ శుద్ధ ఏకాదశి, శనివారం. 78 కలిపితే 1515, రోజు జూన్ 23. అంటే తొలి ఏకాదశి నాడన్నమాట. సంవత్సరం పేరుతో ఇంకోసారి సరిచూసుకోండి. యువ 1995–96లో వచ్చింది, అరవై చొప్పున వెనక్కి నడిస్తే 1515 తగలాలి. తగిలింది. ఈ చిన్న లెక్క చేయకపోతే ఎంత గల్లంతవుతుందో హంపి కృష్ణాలయం చూపిస్తుంది. 1513లో కట్టినట్టు చాలా చోట్ల అచ్చయింది. అందులో పెట్టిన బాలకృష్ణ విగ్రహం ఉదయగిరి నుంచి తెచ్చినది. ఉదయగిరి పడిందే 1514లో. ప్రతిష్ఠ భావ నామ సంవత్సరం ఫాల్గుణంలో, అంటే 1515 ఫిబ్రవరిలో.

ఇక 1513లోనే ఎందుకు? రెండు వైపులా ఏం జరుగుతోందో రెండు గళ్లు గీసి పక్కపక్కనే రాయండి. రాయలు 1509లో గద్దెనెక్కాడు. అప్పటికి సాళువ వంశం నుంచి తుళువ వంశానికి అధికారం మారి నాలుగేళ్లే అయింది, పాత సామంతులకు ఇంకా గురి కుదరలేదు. 1512కల్లా పడమటి సుల్తానులను తగ్గించి, రాయచూరు తీసుకుని, ఉమ్మత్తూరు తిరుగుబాటు అణచాడు. వెన్ను కుదుటపడింది, చేతులు ఖాళీ అయ్యాయి. రెండో గడిలో ప్రతాపరుద్రుడు. ఉత్తరాన బెంగాల్ సుల్తాను హుసేన్ షా సేనల ఒత్తిడి, పడమర బహమనీ రాజ్యం ముక్కలై గోల్కొండ లేస్తోంది. సొంత రాజధాని నుంచి ఇంత దక్షిణాన కోటలు నిలుపుకోవడానికి అది మంచి కాలం కాదు. 1914లో సరయేవో కాల్పుల్లాంటి ఒక్క నిప్పురవ్వ కోసం వెతుకుతూ కూర్చోకండి. ఇది అదను చూసి, తీరిగ్గా సిద్ధమై మొదలుపెట్టిన యుద్ధం.

ఆర్థిక కారణం రెండు వాక్యాలు చాలు. కొండవీటి సీమ తీరంలో మోటుపల్లి రేవు ఉంది. వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244లో, అనవోతారెడ్డి 1358లో అక్కడ వేయించిన శాసనాలు ఆ రేవు విలువ చెబుతాయి. ఇంతకంటే సాగదీసి రేవు కోసమే యుద్ధం జరిగిందంటే కొండ కోటల మీద ముట్టడి ఎందుకో చెప్పలేక ఇరుక్కుంటారు.

తెలుగువాళ్లకూ ఒడియావాళ్లకూ పోరు అని రాసేవాళ్లున్నారు. హిందూ, ముస్లిం గొడవ అని లాగేవాళ్లూ ఉన్నారు. కొండవీట్లో పట్టుబడ్డవాళ్ల పట్టీ శాసనాల్లో ఉంది, ఒక్కసారి చదవండి. ప్రతాపరుద్రుడి కొడుకు వీరభద్రుడు, కుమార హంవీర మహాపాత్రుడి కొడుకు నరహరిదేవుడు, పూసపాటి రాచిరాజు, రాచూరి మల్లూఖాను, ఉద్దండఖాను. ఒకే కోటలో ఒకే పక్షాన వీళ్లంతా ఉన్నారు. ఈ అయిదు పేర్లు జవాబులో వేస్తే వాదన వేరే అక్కర్లేదు. రాకుమారి పెళ్లి సంధి షరతు, యుద్ధానికి కారణం కాదు. తిమ్మరుసు కళ్ల కథ తర్వాతి కాలపు గొడవ, ఇక్కడికి తేకండి.

రెండు వందల యాభై మాటల జవాబైతే పంపకం ఇలా: కోటలు, దారులకు అరవై, పాత పగకు ఎనభై, అదనుకు డెబ్బై, రేవుకూ మిగతావాటికీ నలభై. ప్రాజెక్టు అయితే రాళ్లు చూసి రండి. మంగళగిరి స్తంభ శాసనం కొండవీడు పడ్డ తేదీ చెప్పి ఘనత సాళువ తిమ్మరుసుకిస్తుంది. అమరావతిలో, గెలిచాక రాయలు చేసిన తులాపురుషదానం, అంటే తన బరువుకు సరితూగే బంగారం దానం, సంగతి ఉంది. అక్షరాలు కనపడటం లేదని సుద్ద రుద్దకండి, నూనె పూయకండి, రాయి పాడవుతుంది. ఫోన్ టార్చి రాయికి ఎదురుగా కాకుండా పక్కనుంచి దాదాపు ఆనించి పెడితే గీతల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, పైనుంచి ఒకటి, ప్రతి నాలుగు పంక్తులకూ మూడు ఫొటోలు తీయండి. కొండవీటికి ఎండెక్కకముందే వెళ్లండి, పైన బురుజు మీంచి తూర్పుకు చూస్తే మైదానం అంతా తెరుచుకుని ఉంటుంది. పటంలో ఆ చుక్క ఎందుకు పెట్టారో రాసే పేరా అక్కడే రాసుకోవచ్చు.