సరిహద్దు పట్టణంలో ఒక వీధిని చదివి రాయడం ఎలా

ఇల్లు కట్టుకోవడానికి మనం జాగా కొంటాం. ఆ జాగాలో రెండు మూడు తరాలు బతికి, పెళ్ళిళ్ళు చేసి, చావులు చూసి, ఎదురింటివారితో తగవులాడి, మళ్ళీ మాటలు కలిపాక అది "మా చోటు" అవుతుంది. జాగా చోటుగా మారే ఈ క్రమాన్ని అర్థం చేసుకోవడం మానవ భూగోళశాస్త్రం చేసే పనుల్లో ముఖ్యమైనది. చైనాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన యీ-ఫూ తువాన్ 1970లలో ఈ తేడాను శాస్త్ర చర్చకు కేంద్రంగా తెచ్చాడు. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వంటి ఊళ్ళలో ఉంటూ తమ వీధి గురించి రాయాలనుకునే తెలుగువారికీ, డిగ్రీ ప్రాజెక్టు కోసం ఊరిని పరిశీలించవలసిన విద్యార్థులకూ పనికివచ్చే ఒక పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, ఊరు మొత్తాన్ని ఎత్తుకోవద్దు. ఒక కూడలి నుంచి మరో కూడలి దాకా, నలభై యాభై దుకాణాలకు మించని ఒక్క వీధిని ఎంచుకోండి. పాత వాడుక ఇంకా పూర్తిగా పోని, కొత్త వాడుక ఇంకా పూర్తిగా కుదురుకోని వీధి దొరికితే మంచిది. నా అనుభవంలో మన సరిహద్దు పట్టణాల్లో స్టేషను రోడ్డును మించినది లేదు. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న పట్టాల రైలు 1900లో వచ్చింది. 1931లో అది గుణుపురం చేరింది. 2004లో పెద్ద పట్టాలుగా మార్చడం కోసం ఆగిపోయి, 2011లో మళ్ళీ కూత వేసింది. రైలే లేని ఆ ఏడేళ్ళు స్టేషను చుట్టుపక్కల ఎవరెవరు ఏం చేసి బతికారు, ఏ కొట్లు మూతపడ్డాయి, వాటి స్థానంలో ఏవి వెలిశాయి అన్న ఒక్క ప్రశ్న పట్టుకున్నా ఒక వ్యాసానికి చాలినంత సామగ్రి దొరుకుతుంది.

వీధిని ఎంచుకున్నాక వారం రోజులపాటు ఎవరినీ ఏమీ అడగకండి. ఒకే అరుగు మీద, వేకువన ఒకసారి, పది గంటలకు ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి, దుకాణాలు కట్టేసే వేళకు ఒకసారి పది నిమిషాల చొప్పున కూర్చుని, ఎంతమంది నడిచి వెళ్ళారో, ఎంతమంది ఆగారో, ఆగినవారు ఎందుకు ఆగారో పుస్తకంలో రాసుకోండి. నడిచి పోయేవారికీ ఆగేవారికీ మధ్య ఉన్న తేడా ముఖ్యమైనది. మనుషులు ఆగే చోట్లలోనే సాధారణంగా అర్థం పోగుపడుతుంది. సంత రోజును మాత్రం విడిగా లెక్కించండి. కొండల మీది సవర గిరిజనుల గ్రామాల నుంచి చింతపండు, పసుపు, కొండచీపుర్లు దిగే రోజున ఉండే వీధీ, మిగిలిన ఆరు రోజుల్లో ఉండే వీధీ కొలతల్లో ఒకటే గానీ బతుకులో ఒకటి కాదు.

తరువాత బోర్డులు చదవండి. ఇది అన్నింటికన్నా తేలికైన పని, అన్నింటికన్నా ఎక్కువ చెప్పే పని కూడా. ప్రతి దుకాణం బోర్డు మీద తెలుగు ఉందా, ఒడియా ఉందా, ఇంగ్లీషు ఉందా, ఏ అక్షరాలు పెద్దవి, ఏవి పైన, ఏవి కింద అన్నది పట్టికగా రాయండి. యజమాని ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బోర్డు మీది భాష మరొకటి అయిన చోట్ల గుర్తు పెట్టుకోండి. ఆ దుకాణం ఎవరిని పిలుస్తోందో అక్కడ తెలుస్తుంది. బోర్డు వయసును చిరునామా చూసి అంచనా కట్టవచ్చు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది కనుక ఆ అంకెలున్న బోర్డు అంతకు ముందుది కాదు. పర్లాకిమిడిలో "గంజాం జిల్లా" అని ఉంటే అది 1992 అక్టోబరు 2కు ముందుది కావచ్చు, ఎందుకంటే ఆ రోజునే గజపతి జిల్లా విడిగా ఏర్పడింది. ఇంగ్లీషులో రాష్ట్రం పేరు "ఒరిస్సా" అని ఉంటే 2011 నవంబరుకు ముందుదని అనుకోవచ్చు. ఆ నెల నుంచే అధికారికంగా "ఒడిశా" అయింది. అయితే బోర్డులు రాసే పెయింటర్లకు చెయ్యి అలవాటు అంత తొందరగా పోదు. పాత పేరు కొత్త బోర్డు మీద కూడా కనిపిస్తుంది కాబట్టి ఒక్క గుర్తును నమ్మి తారీఖు వేయకుండా రెండు గుర్తులు కలిసినప్పుడే వేయండి.

ఊరి పేర్లూ, వీధుల పేర్లూ దీనికి కొనసాగింపే. ఒక్కో చోటుకు మూడు పేర్లు సేకరించండి: మున్సిపాలిటీ కాగితంలో ఉన్నది, ఆటో అతనికి చెప్పేది, ఎనభై ఏళ్ళు దాటినవారు అనేది. ఆ మూడూ వేరైతే, ఏది ఏ కాలపు అధికారాన్నో వాడుకనో మోస్తోందో వెతకాలి. తెలుగులో పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖెముండి, పాత ఇంగ్లీషు కాగితాల్లో పర్లాకిమెడి. బరంపురం కూడా ఒడియాలో బ్రహ్మపుర, ఇంగ్లీషులో బెర్హంపూర్. బరంపురంలోని లంజిపల్లి, కొమాపల్లి వంటి పేర్లలో ఉన్న "పల్లి" ఒకనాటి పల్లెను పట్టణం కలుపుకున్న సంగతిని సూచిస్తుంది. అక్కడి హిల్‌పట్నాలో ఇంగ్లీషు కొండా, ఒడియా పట్నమూ ఒకే మాటగా అతుక్కుపోయాయి. రాయగడ పక్కన కాగితపు మిల్లు వచ్చిన చోటు కంపెనీ పేరుతోనే జేకేపూర్ అయి కూర్చుంది. "పల్లి" తెలుగుదా, ఒడియాదా అని కొందరు పట్టుబట్టి వాదిస్తారు. రెండు భాషలవారూ వాడిన మాటకు ఒకే యజమానిని వెతకడం వల్ల మన పనికి లాభం లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు రికార్డుల దగ్గరకు వెళ్ళవచ్చు. సరిహద్దు ఊళ్ళలో ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు పర్లాకిమిడి, దానిని ఆనుకుని ఉన్న పాతపట్నం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. ఆ రోజు తరువాత పర్లాకిమిడి ఒడిశాలోని గంజాంలోకీ, 1992లో గజపతిలోకీ వెళ్ళింది. పాతపట్నం విశాఖపట్నం జిల్లాలోకీ, 1950లో కొత్తగా ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోకీ వెళ్ళింది. గుణుపురం విశాఖ ఏజెన్సీ నుంచి కోరాపుట్‌కు, అక్కడి నుంచి రాయగడకు మారింది. కాబట్టి మీ ఊరి పేరును నేటి జిల్లా కింద మాత్రమే వెతికితే 1936కు ముందున్నదంతా లేనట్టే కనిపిస్తుంది. ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లాలో ఉందో ఒక కాగితం మీద ముందుగా గీసుకుని, అది చేతిలో పట్టుకుని లైబ్రరీకి వెళ్ళండి.

సరిహద్దు మారినప్పుడు మనుషుల మనసుల్లో చోటు ఎలా మారుతుందో చూపడానికి గిడుగు వెంకట రామమూర్తి జీవితం చాలు. పర్లాకిమిడిలో దశాబ్దాలపాటు బోధించి, సవర భాషను అధ్యయనం చేసి, వాడుక తెలుగు కోసం వాదించిన ఆయన, ఆ పట్టణం ఒడిశాలో చేరిన 1936లో దానిని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అదే పట్టణం, అదే సంవత్సరం, ఒడియా రాష్ట్రం కోసం పాటుపడిన పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతికీ ఆయన వెంట నిలిచినవారికీ ఫలించిన కోరికకు గుర్తు. ఈ రెండింటిలో ఏది నిజం అని తేల్చడం మీ పని కాదు. ఒక చోటుకు ఒకే అర్థం ఉండాలన్న నియమం లేదు. రెండు జ్ఞాపకాలనూ పక్కపక్కన నిలిపి రాయగలిగితే మీ వ్యాసం నిలబడుతుంది.

భూమి రికార్డులు చూడటం విసుగు పుట్టించే పనే అయినా వదలవద్దు. ఒడిశా ప్రభుత్వపు భూలేఖ్ వెబ్‌సైటులో ఖాతా, ప్లాటు నంబర్లతో పాటు భూమి "కిసం", అంటే అది ఏ రకం భూమి అన్నది కూడా ఉంటుంది. ఒకనాటి వరి మడి "ఘరబారి"గా, అంటే ఇంటి స్థలంగా, ఎప్పుడు మారిందో కనుక్కుంటే పట్టణం పొలాల్లోకి నడిచిన దారి దొరుకుతుంది. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడానికి ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 8-ఏ సెక్షను కింద అనుమతి తీసుకోవాలి. కిసం మారకుండానే ఇళ్ళు లేచిన చోట్లు కూడా కనిపిస్తాయి. అటువంటి చోట ప్లాటు నంబరును ప్రచురించకండి, బతికే మనిషికి చిక్కు తెచ్చే సమాచారం వ్యాసానికి అవసరం లేదు.

జనాభా లెక్కలను పరిమితి తెలిసి వాడండి. ఊరి పరిపాలనకు పురపాలక సంస్థ లేకపోయినా, జనాభా కనీసం 5,000, సాంద్రత చదరపు కిలోమీటరుకు కనీసం 400, ఏడాదిలో ఎక్కువ కాలం పని చేసే పురుషుల్లో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉంటే జనగణన దానిని పట్టణంగా లెక్కిస్తుంది. 2011లో ఒడిశా జనాభాలో పట్టణాల్లో ఉన్నవారు 17 శాతం కూడా లేరు, దేశం మొత్తం మీద అది 31 శాతం. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది కనుక నిన్నటి మార్పులు ఆ పుస్తకాల్లో ఉండవు. మాతృభాషల పట్టికలు కూడా వీధి స్థాయిలో దొరకవు. మీరు చేసిన బోర్డుల పట్టిక ఆ లోటును కొంత పూడుస్తుంది.

మాట్లాడించడం చివర పెట్టుకోమనడానికి కారణం ఉంది: చూసి, చదివి వెళ్ళినవారికే సరైన ప్రశ్నలు తడతాయి. "ఈ వీధి ఎలా మారింది?" అని అడిగితే "చాలా మారిపోయింది బాబూ" అన్న జవాబే వస్తుంది. "మామ్మగారూ, మీరు కాపురానికి వచ్చిన కొత్తలో కిరాణా ఎక్కడ కొనేవారు? నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేవారు? ఏ గుమ్మం ముందు నుంచి వెళ్ళేవారు కాదు?" అని అడగండి. ఈ మూడో ప్రశ్నలో కులం, మతం, భయం, పరువు అన్నీ బయటికి వస్తాయి. సంవత్సరం అడిగితే ఎవరికీ గుర్తుండదు, తుపానులు గుర్తుంటాయి. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్‌కు ముందా, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచిన తిత్లీకి తరువాతా, చిన్న రైలు ఆగకముందా అని అడిగితే కాలం తేలుతుంది.

మొదటిసారి ఈ పని చేసినప్పుడు టీ కొట్టు దగ్గర కూర్చున్న మగవారినే అడిగి వచ్చాను. స్టేషను రోడ్డు అంటే సరుకు రవాణా, రాజకీయం, సినిమా పోస్టర్లు అన్నట్టుగా నా నోటు పుస్తకం నిండింది. తరువాత జాకెట్లు కుట్టే ఒకావిడతో మాట్లాడితే, దీపాలు పెట్టే వేళ దాటాక ఆ వీధి ఆడవారందరూ వెనక సందులోంచి నడిచేవారనీ, ఆ సందే వారికి అసలైన వీధి అనీ తెలిసింది. నా పటంలో ఆ సందు లేనే లేదు. అప్పటి నుంచి కాగితం, పెన్సిలు ఇచ్చి జ్ఞాపకం మీద పటం గీయమని అడుగుతున్నాను. అమెరికా పట్టణ ప్రణాళికావేత్త కెవిన్ లించ్ బాస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలస్ నగరాల్లో ఇదే చేయించి, మనుషులు నగరాన్ని దారులుగా, అంచులుగా, పేటలుగా, కూడళ్ళుగా, గుర్తులుగా పట్టుకుంటారని 1960లో చెప్పాడు. పర్లాకిమిడివారి పటాల్లో కోట గుర్తుగానూ మహేంద్రతనయ నది అంచుగానూ వస్తాయేమో చూడండి. రాష్ట్ర సరిహద్దును ఎవరు గీస్తారు, ఎవరు గీయడం మరచిపోతారు అన్నది నాకు అంతకన్నా ఆసక్తికరం. పాతపట్నంలో చుట్టాలున్నవారికి ఆ గీత ఒక తీరుగా, బస్సు పర్మిట్ల కోసం తిరిగేవారికి మరో తీరుగా ఉంటుంది.

కాలాన్ని బట్టి చోటు అర్థం మారడం చూడాలంటే బరంపురం వెళ్ళాలి. అక్కడ పట్టు నేసే తెలుగు దేవాంగుల వీధులు మామూలు రోజుల్లో మగ్గాలకూ బేరాలకూ చెందినవి. రెండేళ్ళకొకసారి వేసవి మొదట్లో బుఢీ ఠాకురాణి యాత్ర వస్తే, నేతవారి కులపెద్ద దేశీబెహరా పేరున్న వీధిలో అమ్మవారికి తాత్కాలికంగా గుడి కడతారు. ఆ నెల రోజులూ ఆ వీధి అమ్మవారి పుట్టిల్లు. పందిరి విప్పాక అదే వీధిలో మళ్ళీ స్కూటర్లు నిలుపుతారు. పండుగ ముందు, పండుగలో, పండుగ తరువాత మూడు పటాలు గీయకపోతే ఈ వీధిని చూసినట్టు కాదు.

చోటును దానిలోనే మూసి చూడకండి. డోరీన్ మాసీ అనే బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త లండనులో తాను ఉండే కిల్బర్న్ వీధిలో నడుస్తూ, ఆ వీధిని వీధిగా నిలిపేది బయటి ప్రపంచంతో దానికున్న సంబంధాలేనని 1991లో వాదించింది. మన బజారుకు ఇది ఇంకా బాగా సరిపోతుంది. ప్రతి దుకాణం నుంచి దాని సరుకు పుట్టిన చోటుకు ఒక గీత గీయండి: జీడిపప్పు పలాస నుంచి, పట్టుచీర బరంపురం నుంచి, చీపురు కొండల నుంచి, ఫోను ఎక్కడెక్కడి నుంచో. వలస వెళ్ళిన కుర్రవాళ్ళు పంపే డబ్బుతో లేచిన మేడల నుంచి కూడా గీతలు గీయండి.

రాసేటప్పుడు "ఆ రోజులే వేరు" అన్న బాధను అదుపులో పెట్టండి. పాత స్టేషను రోడ్డు పోయిందని ఒకరు వాపోతే, ఆ రోడ్డులో ఒకనాడు కూర్చోవడానికి కూడా అనుమతి లేనివారు ఇవాళ అక్కడే దుకాణం నడుపుతున్నారేమో ఆరా తీయండి. మాట్లాడినవారి పేర్లు వారి అనుమతి లేకుండా రాయవద్దు. చిత్తుప్రతి పూర్తయ్యాక దానిని ఆ వీధిలోనే చదివి వినిపించండి. తెలుగు చదవలేని ఒడియా పొరుగువారికి నోటితో చెప్పండి. వారు అడ్డుపడిన ప్రతిచోటా అంచులో గుర్తు పెట్టుకుని, మరునాడు పొద్దున్నే ఆ చోటుకు మళ్ళీ వెళ్ళి చూసి, దిద్దండి.